వడ్డించే చేతికి పీట ఏది?

మొన్న మా ఆడపడుచు కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్ళాం. పాలు పొంగించడం, వ్రతం, భోజనాలు అన్నీ అయ్యాక నన్ను హాల్లోకి లాక్కెళ్ళి, టీవీ పక్కన బల్ల మీదున్న ఒక ఇత్తడి కప్పని చూపించింది. మూడు కాళ్ళ కప్ప. నోట్లో ఒక కాసు. "వదినా, నువ్వు సింగపూర్‌లో ఉండొచ్చావు కదా, నీకు తెలుస్తుంది. దీని మూతి ఇంట్లోకి ఉండాలా, వాకిలి వైపు ఉండాలా? వాకిలి వైపు పెడితే డబ్బు బయటికి పోతుందట" అంది.

నాకు నవ్వొచ్చింది. పండగ పూట ఎందుకులే అని, "ఇంట్లోకే పెట్టుకోవే" అనేశాను. అప్పుడు చూశాను, కప్ప వెనక గోడ మీద మామగారి ఫోటో. గంధం బొట్టు, దండ. పక్కన అత్తగారి ఫోటో లేదు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. "అమ్మది పెట్టలేదేం?" అనడిగాను.

"మంచి ఫోటో ఒక్కటీ దొరకలేదు వదినా. అన్నిట్లోనూ వడ్డిస్తూనో, పక్కకి తిరిగో ఉంది" అంది.

ఆ మాట నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ పోస్టు. కప్ప గురించి మొదలుపెట్టి వేరే చోటికి వెళ్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ఫెంగ్ షుయ్ అంటే మనకి నవ్వే బుద్ధుడు, ఎర్ర దారం కట్టిన నాణేలు, నీళ్ళలో పెట్టే వెదురు మొక్క. ఫ్యాన్సీ షాపులో రెండొందలకి దొరికే అదృష్టం. కానీ ఆ శాస్త్రం పుట్టిన దేశంలో దానికి ఇంటి హాలుతో ఎంత సంబంధమో సమాధితో అంతకంటే ఎక్కువ సంబంధం. గాలి, నీరు అనే రెండు మాటల కలయిక ఆ పేరు. బతికినవాళ్ళు ఉండే ఇల్లు ఒకటి, చనిపోయినవాళ్ళు ఉండే ఇల్లు ఇంకొకటి. రెండోదే సమాధి. కొండ వెనక, నీళ్ళు ముందు ఉన్న మంచి చోట పూర్వీకుల ఎముకలు ఉంటే, భూమిలోని 'చి' అనే శక్తి ఆ ఎముకల ద్వారా పిల్లలకి, మనవలకి అందుతుందని నమ్మకం. గువో పు అనే నాలుగో శతాబ్దపు పండితుడి పేరు మీద దీనికొక గ్రంథమే ఉంది. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్, ఫుజియన్ వైపు పాతిపెట్టిన కొన్నేళ్ళకి ఎముకలు తవ్వి తీసి, శుభ్రంగా తుడిచి, కుండలో సర్ది, ఇంకో మంచి చోట మళ్ళీ పెట్టేవాళ్ళు. ఇంట్లో కలిసిరాకపోతే ఆ కుండని మళ్ళీ కదిపేవాళ్ళు. ఒక సమాధి పెద్దకొడుక్కి కలిసొస్తుందని, చిన్నకొడుక్కి నష్టమని అన్నదమ్ములు కొట్టుకున్న ఊళ్ళు కూడా ఉన్నాయి.

అంటే మా ఆడపడుచు టీవీ పక్కన పెట్టుకున్న కప్ప వెనక ఇంత పెద్ద లెక్క ఉంది. పోయినవాళ్ళని మనం చూసుకుంటే వాళ్ళు మనని చూసుకుంటారు. మనం మరిచిపోతే వాళ్ళు ఆకలి దెయ్యాలైపోతారు, మనకి కష్టాలొస్తాయి. ఈ నమ్మకాన్ని నేను దగ్గరనుంచి చూశాను. దాన్ని వెక్కిరించను. నాకు కోపం వచ్చేది ఆ లెక్కల పుస్తకంలో ఆడవాళ్ళని ఎక్కడ రాశారో చూసినప్పుడు.

మావారి ఉద్యోగం వల్ల సింగపూర్‌లో నాలుగేళ్ళున్నాం. ప్రభుత్వ ఫ్లాట్లలో పన్నెండో అంతస్తు. మా పక్కింట్లో ఒక చైనీస్ ఆంటీ, డెబ్బై దాటినావిడ. అక్కడ పెద్దవాళ్ళందరూ ఆంటీలే, అంకుల్‌లే. వాళ్ళ హాల్లో గోడకి ఆనించి ఎర్రటి బల్ల, దాని మీద నిలువుగా నిలబెట్టిన చెక్క పలక, ముందు అగరొత్తుల గిన్నె. ఆ పలకే పూర్వీకులు. పోయినవాళ్ళ ఆత్మ ఒక పాలు సమాధిలో, ఒక పాలు ఆ పలకలో ఉంటుందంటారు.

ఏప్రిల్ 4నో 5నో వచ్చే చింగ్‌మింగ్ రోజున సమాధులు ఊడ్చి శుభ్రం చేసి పూజ చేస్తారు. వాళ్ళ ఏడో నెలంతా దెయ్యాల నెల. ఆ నెల వచ్చిందంటే మా బ్లాకు కింద పెద్ద పెద్ద ఇనప డబ్బాల్లో సాయంత్రాలు కాగితం డబ్బు, కాగితం చొక్కాలు, కాగితం ఫోన్లు, కాగితం ఇళ్ళు తగలబెట్టేవాళ్ళు. ఇక్కడ కాలితే అక్కడ అందుతుందని. వీధిలో పాటల కచేరీ పెడితే ముందు వరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు, కనపడని ప్రేక్షకుల కోసం. మొదట్లో మా పిల్లలు భయపడ్డారు. తర్వాత మా చిన్నది, "అమ్మా, తాతయ్యకి మనం ఫోన్ పంపలేదేం?" అనడిగింది.

ఆంటీ ఇంట్లో పూజంటే మూడు రోజుల ముందునుంచి పని. ఆవిడ ఒక్కత్తే బజారుకెళ్ళేది. కోడి, చేప, పంది మాంసం, కమలాపళ్ళు, టీ, సారా, అన్నం. బంగారు రేకు అంటించిన కాగితాల్ని పడవల్లా మడిచి సంచులకి సంచులు నింపేది. మోకాళ్ళ నొప్పులు. నేను శాకాహారిని కాబట్టి వంటలో చెయ్యి వెయ్యలేకపోయినా పడవలు మడవడానికి కూర్చునేదాన్ని.

అన్నీ వడ్డించాక ఒక పని చేస్తారు. రెండు నాణేలు ఎగరేస్తారు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే పెద్దలు తృప్తిగా తిన్నారని అర్థం. రెండూ ఒకలాగే పడితే ఇంకా తింటున్నారని. మళ్ళీ కాసేపు ఆగి మళ్ళీ ఎగరేయాలి. మొదటిసారి అది చూసినప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది. తద్దినం రోజు డాబా మీద పిండం పెట్టి, కాకి ముట్టేదాకా నాన్న కళ్ళు చికిలించుకుని నిలబడటం గుర్తొచ్చింది. ఎక్కడి చైనా, ఎక్కడి మా ఏలూరు! పోయినవాళ్ళు తిన్నారో లేదో అన్న బెంగ ఇద్దరికీ ఒకటే.

అందుకే చెప్తున్నాను, ఆ బెంగ మీద నాకు పేచీ లేదు. తిండి పెట్టిన చేతుల్ని తలుచుకోవడం మంచి పని. అందులో మూఢత్వం వెతికేవాళ్ళతో నేను కలవను.

పేచీ ఎక్కడంటే, ఆ నాణేలు ఆంటీ ఎగరెయ్యలేదు. వాళ్ళ మరిది కొడుకు వచ్చి ఎగరేసేవాడు.

అంకుల్ పోయి అప్పటికి పదేళ్ళు. ఇద్దరూ కూతుళ్ళే. ఆయన పోయినప్పుడు అగరొత్తుల కుండ పట్టుకుని ముందు నడవడానికి కొడుకు కావాలన్నారట. ఆస్పత్రిలో ఆయనకి ఏడు నెలలు అన్నం తినిపించింది పెద్దకూతురు. కుండ పట్టుకుంది మలేషియా నుంచి బస్సులో వచ్చిన మరిది కొడుకు. అప్పటినుంచి ఏటా అతనే వచ్చేవాడు. కుర్రాడు మంచివాడే. వచ్చి, నాణేలు ఎగరేసి, భోంచేసి, ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు. అంట్లు ఆంటీ తోముకునేది. ఎందుకలా అని ఒకసారి అడిగితే, కూతుళ్ళ చేత చేయిస్తే ఇంటికి కలిసిరాదని అత్తగారు చెప్పిందంది. ఆ అత్తగారి పేరేమిటని అడిగాను. పలక చూపించింది. దాని మీద మామగారి పూర్తి పేరుంది. పక్కన అత్తగారిది పుట్టింటి ఇంటిపేరు మాత్రమే ఉంది, ఫలానా ఇంటి ఆడది అన్నట్టు.

తర్వాత కొంచెం చదివితే తెలిసింది, ఇది ఆ ఒక్కింటి సంగతి కాదని. చైనాలో వంశవృక్షాల పుస్తకాలు వందల ఏళ్ళుగా రాస్తూ వచ్చారు. వాటిలో చాలావాటిలో కోడళ్ళకి ఇంటిపేరే ఉంటుంది, సొంత పేరుండదు. కూతుళ్ళయితే అసలు ఎక్కించరు. కన్‌ఫ్యూషియస్ వంశానిది అన్నిటికంటే పేరున్న వంశవృక్షం. ఇరవై లక్షలకు పైగా పేర్లతో దాని కొత్త ప్రతి 2009లో వచ్చింది. ఆడవాళ్ళ పేర్లు అందులో చేర్చడం అదే మొదటిసారి. ఆయన పుట్టి రెండున్నర వేల ఏళ్ళు దాటింది. అన్ని తరాలూ మగవాళ్ళే మగవాళ్ళని కన్నట్టుగా ఉంది కదూ!

పెళ్ళయిన కూతురు పారబోసిన నీళ్ళలాంటిదని వాళ్ళ సామెత. మనవాళ్ళేం తక్కువ తినలేదు. నేను బీఏలో తెలుగు చదువుకునేటప్పుడు మా లెక్చరర్ నవ్వుతూ చెప్పేవారు, ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్ల, అంటే అక్కడి పిల్ల, 'ఈడ' పిల్ల కాదని. క్లాసులో అందరం నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకి సిగ్గేస్తుంది.

పెళ్ళయినామె కనీసం అత్తింటి పలక మీద ఇంటిపేరుతోనైనా ఉంటుంది. పెళ్ళి కాకుండా పోయిన పిల్ల సంగతేమిటి? పుట్టింటి పలక మీద ఆమెకి చోటు లేదు. అత్తిల్లు లేనే లేదు. అంటే ఆమెకి అన్నం పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే తైవాన్‌లో, చైనాలో కొన్ని చోట్ల పోయిన పిల్లకి పెళ్ళి చేసేవాళ్ళు. తైవాన్‌లో ఎర్ర కవరు దారిలో పడేసి, ఏ మగవాడు తీసుకుంటే అతన్ని బతిమాలి, బెదిరించి ఆ పిల్ల ఆత్మకి మొగుణ్ణి చేసేవాళ్ళు. పిల్ల పేరు రాసిన పలక అతనింటికి వెళ్తుంది. అక్కడైనా ఎవరో ఒకరు ఇంత అన్నం పెడతారని. షాన్షీ వైపు పెళ్ళికాని మగవాడు పోతే పక్కన పాతిపెట్టడానికి ఆడవాళ్ళ శవాల్ని దొంగిలించి అమ్మిన కేసులు ఈ శతాబ్దంలో కూడా నడిచాయి. ఇలాంటివి చదివినప్పుడు మనం అబ్బా అని కళ్ళు మూసుకుంటాం. కానీ ఆ తల్లి వైపునుంచి ఒకసారి చూడండి. కన్నబిడ్డ పోయింది. ఇంటి పలక మీద బిడ్డ పేరు రాయకూడదన్నారు. చచ్చాక కూడా ఆకలితో తిరుగుతుందన్నారు. ఆమె ఎర్ర కవరు పడెయ్యక ఏం చేస్తుంది?

మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ అని చైనా నుంచి అమెరికా వెళ్ళిన దంపతులకు పుట్టిన రచయిత్రి. ఆమె 1976లో రాసిన 'ది వుమన్ వారియర్' మొదటి అధ్యాయం పేరులేని ఒక మేనత్త గురించి. భర్త అమెరికాలో ఉండగా ఆ మేనత్త గర్భవతి అయింది. కాన్పు రోజు రాత్రి ఊరివాళ్ళు ఇంటి మీద పడి విధ్వంసం చేశారు. పందుల దొడ్లో కని, బిడ్డతో సహా ఇంటి నూతిలో దూకింది. ఆ తర్వాత ఇంట్లో ఆమె పేరెత్తకూడదని కట్టడి. రచయిత్రి బాధంతా ఒక్క విషయం మీద. ఈ మేనత్తకి ఎవరూ కాగితం డబ్బు కాల్చరు, అన్నం పెట్టరు. మిగతా దెయ్యాల ముందు పెట్టిన తిండి ఆమె అడుక్కోవాలి, లాక్కోవాలి. బతికుండగా వేసిన శిక్ష సరిపోలేదు, చచ్చాక కూడా ఆకలి శిక్షే. మరిచిపోవడం కంటే పెద్ద శిక్ష లేదని ఆ ఊరికి బాగా తెలుసు.

ఇదంతా ఎందుకిలా తయారైంది? నాకు తోచింది చెప్తాను, తప్పయితే తిట్టండి. పెద్దల మీద గౌరవాన్ని ఇంటి అదృష్టానికి ముడిపెట్టారు. అక్కడే వచ్చింది చిక్కు. గౌరవం ఎవరైనా ఇవ్వచ్చు, కూతురు, కోడలు, మనవరాలు, పక్కింటివాళ్ళు. అదృష్టం మాత్రం ఆస్తిలాంటిది, బయటికి పోకూడదు. బయటికి పోకూడదంటే దాన్ని అందుకునేవాడు ఇంట్లోనే ఉండాలి. అంటే కొడుకు. కూతురు చేతికిస్తే ఇంకో ఇంటికి పోతుంది, కప్ప మూతి వాకిలి వైపు పెట్టినట్టు. అందుకే మెన్షియస్ లాంటి పెద్దాయన పెద్దల పట్ల చేసే తప్పుల్లో వారసుడు లేకపోవడమే అన్నిటికంటే పెద్ద తప్పన్నాడు. తల్లి ఎముకలకి కూడా మంచి చోటు వెతుకుతారు, నిజమే. ఆ ఎముకల బలం వెళ్ళేది అత్తింటి వంశానికే.

ఈ ముడి ఎంత క్రూరమో చెప్పే కథ ఒకటుంది. యువాన్ కాలంలో గువో జుజింగ్ అనే ఆయన తల్లిదండ్రుల్ని సేవించిన ఇరవైనాలుగు మంది కథలు కూర్చాడు. అందులో గువో జు కథ. బీదవాడు. ఇంట్లో ముసలితల్లి, భార్య, మూడేళ్ళ కొడుకు. నాయనమ్మ తన ముద్దలో సగం మనవడికి పెడుతోందని, పిల్లాణ్ణి పాతిపెట్టేద్దాం, పిల్లలు మళ్ళీ పుడతారు, తల్లి మళ్ళీ రాదు అంటాడు. భార్య ఎదురు చెప్పలేకపోయిందని కథలో ఉంది. ఒక్క ముక్క. ఆ తల్లి గురించి అంతకంటే లేదు. గొయ్యి తవ్వితే అందులో బంగారం దొరికింది, అతని భక్తికి మెచ్చి ఇచ్చారన్నమాట. తరాల తరబడి పిల్లలకి బొమ్మల పుస్తకాల్లో చెప్పిన నీతికథ ఇది. రచయిత లూ షున్ 1926లో దీని గురించి రాశాడు. చిన్నప్పుడు ఈ కథ చదివాక, తమ ఇంట్లో డబ్బు తగ్గిపోతోందని, నాన్న కూడా మంచి కొడుకైపోతే తనని పాతిపెడతాడేమోనని భయపడ్డాడట. నాయనమ్మని చూసినా భయమేసేదట.

నాయనమ్మని చూస్తే మనవడు భయపడేలా చేసిన భక్తి ఏం భక్తండీ? బంగారం ఆశ లేకపోతే ఆ కథకి అర్థమేముంది?

ఇక పుట్టని ఆడపిల్లల లెక్క. 1980 ప్రాంతంలో ఒకే బిడ్డ చట్టం వచ్చింది, 2015 దాకా నడిచింది. పల్లెటూళ్ళలో గొడవ చూసి, మొదట ఆడపిల్ల పుడితే ఇంకొకర్ని కనొచ్చని చాలా రాష్ట్రాల్లో సడలించారు. అంటే ఆడపిల్ల ఒక్కత్తే అయితే లెక్క నిండలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. 2010 జనగణన ప్రకారం అక్కడ 100 మంది ఆడపిల్లలకి దాదాపు 118 మంది మగపిల్లలు పుట్టారు. మామూలుగా ఉండాల్సింది 105 దాకా. ముసలితనంలో పింఛను లేకపోవడం, పొలం పని, చట్టం, అన్నీ కారణాలే. నేను కాదనను. కానీ పలక ముందు అగరొత్తు వెలిగించేవాడు లేకపోతే వంశం ఆరిపోతుందన్న భయం అందులో లేదని మాత్రం నాకెవరూ చెప్పొద్దు.

ఇక్కడ నన్ను రెండు వైపులనుంచీ తిడతారని తెలుసు.

ఒకరంటారు, అదంతా చెత్త, తీసి పారేస్తే సరిపోతుందని. ఆ పని చైనాలోనే చేసి చూశారు. 1966లో సాంస్కృతిక విప్లవం పేరుతో పాతవన్నీ నాశనం చెయ్యమన్నారు. పలకలు పగలగొట్టారు, వంశవృక్షాలు తగలబెట్టారు, కన్‌ఫ్యూషియస్ వంశం సమాధులు తవ్వారు. ఏమైంది? జనం దాచుకున్నారు, మళ్ళీ బయటికి తీశారు. 2008 నుంచి చింగ్‌మింగ్‌కి ప్రభుత్వమే సెలవిస్తోంది. అమ్మానాన్నల్ని తలుచుకోవద్దంటే మనిషి ఊరుకోడు. ఊరుకోకూడదు కూడా.

ఇంకొకరంటారు, అది వాళ్ళ సంప్రదాయం, మధ్యలో నీకెందుకమ్మా, ఎప్పటినుంచో ఉన్నది ఎలా మారుతుందని. ఎప్పటినుంచో అలాగే ఉందని ఎవరు చెప్పారు? ఒకప్పుడు నిజం డబ్బు, నిజం సరుకులు సమాధిలో పెట్టేవాళ్ళు, తర్వాత కాగితంవి వచ్చాయి. సింగపూర్‌లో చోటు లేదని 1998 నుంచి సమాధికి 15 ఏళ్ళే గడువు పెట్టారు. ఆ తర్వాత తవ్వి తీయాల్సిందే. చాలామంది దహనం చేసి, చితాభస్మాన్ని గోడల్లో చిన్న గూళ్ళలో పెడుతున్నారు. కొండ వెనక, నీళ్ళు ముందు అన్న మాట ఏమైంది మరి? లిఫ్టు ఎక్కి నాలుగో అంతస్తులో ఉన్న తాతయ్యకి దండం పెడుతున్నారు. అంత పెద్ద మార్పుని పెద్దలు సర్దుకున్నారు కానీ, కూతురు నాణెం ఎగరేస్తే మాత్రం సర్దుకోలేరా?

పైగా ఇది నా నోట పుట్టిన గొడవ కూడా కాదు. వాళ్ళ ఆడవాళ్ళే ఎప్పుడో మొదలుపెట్టారు. గ్వాంగ్‌డాంగ్‌లో షున్‌డే అనే చోట పట్టు పరిశ్రమలో పనిచేసిన అమ్మాయిలు కొందరు పెళ్ళి మానేశారు. అక్కడ పెళ్ళిరోజున పెద్దవాళ్ళు పిల్ల జడ విప్పి కొప్పు చుడతారు. వీళ్ళు తమ కొప్పు తామే చుట్టుకుని, ఇక పెళ్ళి చేసుకోమని ఒట్టు పెట్టుకున్నారు. 1930ల్లో పట్టు దెబ్బతిన్నాక చాలామంది సింగపూర్, హాంకాంగ్ వెళ్ళి ఇళ్ళల్లో పనికి కుదిరారు. తెల్ల చొక్కా, నల్ల పైజామా వాళ్ళ గుర్తు. సంపాదించింది ఊరికి పంపి అన్నదమ్ముల ఇళ్ళు కట్టించారు. అయినా చివరి రోజుల్లో పుట్టింట్లో ప్రాణం వదలకూడదు, అరిష్టమట. డబ్బు కలిసొచ్చింది, మనిషి మాత్రం అరిష్టం! అప్పుడు వాళ్ళేం చేశారో తెలుసా? తమలో తాము చందాలేసుకుని 1950 ప్రాంతంలో షున్‌డేలో బింగ్ యూ టాంగ్ అని ఒక ఇల్లు కట్టుకున్నారు. ముసలితనానికి నీడ, చనిపోయాక పలకకి చోటు. ఒకరికొకరు అన్నం పెట్టుకునే వంశాన్ని వాళ్ళే మొదలుపెట్టుకున్నారు. ఆ ఇల్లు ఇంకా ఉంది.

హాంకాంగ్ పల్లెల్లో 1994 దాకా ఆచారం పేరుతో కూతుళ్ళకి ఆస్తి వచ్చేది కాదు. ఆడవాళ్ళు వీధికెక్కారు. శాసనసభలో క్రిస్టీన్ లోహ్ వాళ్ళ పక్షాన నిలబడింది. సంప్రదాయం మంటగలిసిపోతుందని మగవాళ్ళు కేకలేశారు, బెదిరించారు. చట్టం మారింది. పూర్వీకులు ఎవరి మీదా అలిగినట్టు లేరు. కానీ ఊళ్ళో ఇల్లు కట్టుకోవడానికి మగ సంతతికి 1972లో ఇచ్చిన హక్కు ఇప్పటికీ మగ సంతతికే ఉంది. 2021లో అక్కడి పెద్ద కోర్టు కూడా అది ఆచారమే, చెల్లుతుందంది. ఆచారం అన్నమాట ఎవరికి ఎంత అక్కరకొస్తుందో చూడండి.

ఇదంతా నాకెందుకు ఇంత గుచ్చుకుందో కూడా చెప్పేస్తాను. నాకు ఇద్దరూ ఆడపిల్లలే. సింగపూర్ నుంచి వచ్చేశాక మొదటి ఏడు, మామగారి తద్దినం. తడిబట్టతో మడి కట్టుకుని తెల్లవారుజామునుంచి వంటింట్లో ఉన్నాను. గారెలు వేస్తున్నాను. మా పెద్దత్తయ్యగారు గుమ్మంలో కూర్చుని మావారిని చూస్తూ, "వీడి తర్వాత ఈ ఇంట్లో నీళ్ళొదిలేవాడు లేడు" అన్నారు. నా మీద కోపంతో అన్న మాట కాదు, నిజంగా కళ్ళనీళ్ళు పెట్టుకుని అన్నారు. నాకు అరిటాకులు తుడిచిస్తున్న మా పెద్దది తలెత్తి నన్ను చూసింది. పదిహేనేళ్ళ పిల్ల. ఏమీ అనలేదు. ఆకు తుడుస్తూనే ఉంది. నేనూ ఏమీ అనలేదు. మూకుట్లో గారె మాడిపోయింది.

న్యాయంగా చెప్పాలంటే మన తర్పణంలో తల్లిని, నాయనమ్మని, ఆవిడ అత్తగారిని కూడా పేరుపెట్టి పిలుస్తారు. ఆ మేరకు మనం నయమే. కానీ పిలిచే గొంతు కొడుకుదే కావాలి. వండే చెయ్యి కోడలిది. కూతురు అతిథి. ఆంటీ వాళ్ళ కూతుళ్ళకీ నా కూతుళ్ళకీ మధ్య సముద్రం ఉంది కానీ తేడా లేదు.

ఆ రోజు నోరు మూసుకున్నందుకు ఈ రోజు మాట్లాడుతున్నాను. అదృష్టం లెక్క పక్కన పెడితే మిగిలేది ప్రేమే. ప్రేమకి కొడుకు, కూతురు అని ఉండదు. పెద్దలకి అన్నం పెట్టే హక్కు బతికుండగా అన్నం పెట్టినవాళ్ళది. ఇది నా మాట. ఎవరైనా కాదంటే, ఆస్పత్రిలో ఏడు నెలలు చెంచా పట్టుకున్న చెయ్యి అరిష్టం ఎలా అయిందో ముందు నాకు చెప్పాలి.

మేం సింగపూర్ వదిలి వచ్చే ఏడు చింగ్‌మింగ్‌కి మరిది కొడుకు రాలేకపోయాడు. పని ఉందన్నాడు. ఆంటీకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. చితాభస్మం గూళ్ళున్న చోటికి నేను కూడా తోడు వెళ్ళాను. వడ్డించారు, అగరొత్తులు వెలిగించారు. అందరూ నిలబడిపోయారు. పెద్దకూతురు తల్లి చేతిలోంచి నాణేలు తీసుకుని ఎగరేసింది. మొదటిసారికే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. ఆంటీ కాసేపు ఆ నాణేల వంకే చూసి, నవ్వుతూ ఏడ్చింది. మీ నాన్న ఎప్పుడూ తిండికి పేచీ పెట్టేవాడు కాదంది.

నాణెం అలాగే పడాలని లేదు. రెండోసారికో మూడోసారికో పడేది. పడేదాకా ఆ పిల్ల నిలబడేది, నాకు తెలుసు.

నిన్న మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. అత్తగారు వడ్డిస్తున్న ఫోటో ఏదుంటే అదే పంపమన్నాను. పంపింది. మా పెళ్ళిలోది. చేతిలో పప్పు బకెట్టు, కొంగు నడుముకి బిగించి, ఎవరినో చూసి ఇంకొంచెం వేసుకోమంటున్నట్టు వంగి ఉన్నారు. మొహం సగమే కనపడుతోంది. పెద్దది చేయించి ఫ్రేము కట్టించడానికిచ్చాను. రెండు కాపీలు, ఒకటి మాకు, ఒకటి వాళ్ళకి. వచ్చే తద్దినానికి మా పెద్దదాన్ని వాళ్ళ నాన్న పక్కన కూర్చోపెడతానని కూడా ఇంట్లో చెప్పేశాను. పెద్దత్తయ్యగారికి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు. మావారు కాసేపు ఊరుకుని, "గారెలెవరు వేస్తారు మరి?" అన్నారు.

మీరే వెయ్యండి అన్నాను.